ఆరో గడి

ముప్ఫై ఒక్క ఏళ్లు నేను రాసింది ఒకటే పుస్తకం.
ఐదు గడులు:
పేరు, వచ్చిన వేళ, డబ్బాల లెక్క,
పాడైనవి, కోత.
మతొజీన్యుష్ రేవుకు సార్డీన్ పడవ చేరినప్పుడల్లా
కార్ఖానా సైరన్ మోగేది,
ఆడవాళ్లు ఏప్రన్లు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చేవాళ్లు,
నేను పెన్సిల్ చెక్కుకునేదాన్ని.

పాత మేస్త్రీ ఫిర్మీనో
మాటకన్నా ముందు ఈల వేసేవాడు.
చెడ్డవాడని అనను,
క్రిస్మస్‌కు తలా ఒక ఎండు కాడ్ చేప ఇచ్చేవాడు.
కానీ ఆయన ఎదుట నిలబడితే
ఎవరి గొంతులోనైనా ముల్లు అడ్డం పడేది.

తర్వాత ఇదలీనా వచ్చింది.
తలలు కోసే బల్ల దగ్గర పదేళ్లు నిలబడ్డ మనిషి,
బొటనవేలి మీద పాత కత్తిగాటు
తెల్లగా, బియ్యపుగింజంత.
మొదటి శనివారమే నా పుస్తకం తిరగేసింది.
"ఒందీనా పేరు పక్కన మూడు వారాలుగా కోత. ఎందుకు?"
"నలభై డబ్బాలు తక్కువ."
"అది ఎంత. నేనడిగింది ఎందుకు."

ఐదు గడుల్లో ఎక్కడా
ఆ మాటకు చోటు లేదు.

నా చెవి వెనక పెన్సిల్ తనే లాక్కుని
పేజీ అంచున ఒక గీత గీసింది.
వంకర గీత.
తర్వాతి పేజీలన్నిట్లో నేనూ అలాగే గీశాను.

ఒందీనాను ఆఫీసుకు పిలిపించలేదు.
పిలిస్తే అందరి కళ్లూ ఆ తలుపు మీదే ఉంటాయి కదా.
తనే వెళ్లి ఆమె పక్కన నిలబడి
డబ్బాల్లో చేపలు సర్దింది,
ఒకదాని తల అటు, ఒకదాని తల ఇటు,
గంటసేపు ఏమీ అడక్కుండా.
మూడో పళ్లెం సగమయ్యాక ఒందీనాయే అంది:
"కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోతున్నాయి.
చెబితే తీసేస్తారని..."

ఆరో గడిలో నేను రాసిన మొదటి మాట: వేళ్లు.

ఆపైన ఆ గడి నిండుతూ పోయింది,
నా అక్షరాలు చీమలయ్యాయి.
బిడ్డకు జ్వరం.
నూనె గొట్టం కారుతోంది, జారతామని భయం, అందుకే నిదానం.
మూడో బల్ల మీద దీపం ఆరి పది రోజులు.
ఏమీ లేదు, ఊరికే దిగులు.
దీనికేం చెయ్యాలని అడిగాను.
"ఏమీ వద్దు. రాశావుగా."

అన్నీ తీరాయనుకోకండి.
కూలి పెంచమన్న మాట పై అంతస్తుకు ఏడుసార్లు ఎక్కి
ఏడుసార్లూ ఉత్తచేతులతో దిగింది.
దిగిన ప్రతిసారీ ఇదలీనా బెల్టు ఆపించి
"కాదన్నారు. వాళ్లు చెప్పిన కారణం ఇది. నాకు నచ్చలేదు"
అని ఉన్నదున్నట్టు చెప్పేది.
కాదన్న మాటకు కూడా
మూత తెరిచిపెడితే కొంత ఉప్పు విరుగుతుంది.

సెప్టెంబరులో ఒక రోజు రెండు పడవలు ఒకేసారి.
టమాటా డబ్బాల మీద నిమ్మకాయ మూతలు పడ్డాయి.
ఇదలీనా అరిచింది.
కొత్త పిల్ల జుల్మీరా మీద, అందరి ముందు,
ఫిర్మీనో ఈలకన్నా గట్టిగా.

సాయంత్రం పుస్తకం తెరిస్తే
పేర్ల వరుస అడుగున ఎవరిదో చేతిరాత:
ఇదలీనా.
వచ్చిన వేళ: అందరికన్నా ముందు.
డబ్బాలు: సున్నా.
పాడైనవి: ఒకటి.
కోత దగ్గర ఖాళీ.
ఆరో గడిలో: ఎందుకు?

దాచేద్దామనుకున్నాను. "ఇలా ఇవ్వు" అంది.
మర్నాడు పొద్దున్నే అద్దాలు పెట్టుకుని
ఆ వరుస పైకి చదివింది, సున్నాతో సహా.
"సరుకు తిరిగొస్తే మీలో కొందరిని పంపేస్తారని భయపడ్డాను.
భయం నాది జుల్మీరా,
అరుపు నీకు తగిలింది. క్షమించు."

జుల్మీరా ఏమీ అనలేదు,
చేతిలో చేప అలాగే ఉంది.
వెనక ఎవరో తుమ్మారు.
ఒందీనా ఎడమచేత్తో బెల్టు మీట నొక్కింది,
ఇప్పుడు ఆమె పని అదే.

నేను పెన్సిల్ తీశాను.
ఒక్క గడి చాలదని తెలిసి
ఖాళీగా ఉన్న కోత గడిలోంచే
మొదలుపెట్టాను.